సీడీ పాటలు మినీడిస్క్‌లోకి: గల్ఫ్ పెట్టెలో వచ్చిన ఆ వాక్‌మన్‌కి ఏ పద్ధతి బెస్ట్?

అటక మీది పాత సూట్‌కేసు దించితే అందులో అరచేతిలో పట్టే మెటల్ ప్లేయర్ ఒకటి, దాంతోపాటు రంగురంగుల ప్లాస్టిక్ చదరాలు నాలుగైదు కనిపించాయా? చూడ్డానికి చిన్న ఫ్లాపీల్లా ఉంటాయి, లోపల మాత్రం బుల్లి సీడీ తిరుగుతుంటుంది. అదే మినీడిస్క్. మన ఇళ్లలో ఇది దొరికిందంటే కారణం దాదాపు ఒక్కటే: ఎవరో గల్ఫ్ నుంచి తెచ్చి ఉంటారు.

ఇండియాలో మినీడిస్క్ ఎప్పుడూ పెద్దగా నడవలేదు. మనం క్యాసెట్ నుంచి సీడీకి, అక్కణ్నుంచి ఎంపీ3కి దూకేశాం. కానీ రాజోలు, అమలాపురం, నర్సాపురం, పాలకొల్లు వైపు నుంచి కువైట్, మస్కట్, దుబాయ్, బహ్రెయిన్ వెళ్లినవాళ్లు చాలామంది. సెలవుకి వచ్చేటప్పుడు పెట్టెలో సెంటు సీసాల పక్కన ఎలక్ట్రానిక్స్ కూడా ఉండేవి. అలా వచ్చినవాటిలో ఈ ఎండీ వాక్‌మన్‌లు కూడా ఉన్నాయి.

ఇప్పుడు దీన్ని మళ్లీ వాడాలనుకునే కుర్రాళ్లు పెరుగుతున్నారు. ఇంట్లో ఉన్న ఆడియో సీడీల్ని వీటిలోకి ఎక్కించాలంటే మూడు దారులున్నాయి. ఏది బెస్ట్? ఈ ప్రశ్నకి నెట్‌లో దొరికే జవాబులు ఎక్కువగా జపాన్, అమెరికా వాళ్లకి సరిపోయేవే. మన కరెంటు, మన ఉక్కపోత, మన సీడీలు వేరు. అందుకే ఈ గైడ్.

ఇంకో సంగతి. సోనీ రికార్డబుల్ మినీడిస్కుల తయారీని 2025 ఫిబ్రవరితో ఆపేసింది. అంటే మీ దగ్గరున్న ప్రతి డిస్కూ ఇక లెక్కలో ఉన్నదే. తప్పు పద్ధతిలో ఎక్కించి, నచ్చక చెరిపి, మళ్లీ ఎక్కించినా డిస్క్ ఏమీ అరిగిపోదు. కానీ చెరిపేసినదాంట్లో ఏముందో అది మాత్రం తిరిగి రాదు.

రెండు నిమిషాల్లో మినీడిస్క్ కథ

సోనీ 1992లో జపాన్‌లో దీన్ని అమ్మకానికి పెట్టింది. డిస్క్ వ్యాసం 64 మిల్లీమీటర్లు. రికార్డ్ చేసేటప్పుడు కింది నుంచి లేజర్ ఒక చుక్కని సుమారు 180 డిగ్రీల దాకా వేడెక్కిస్తుంది, పైనుంచి అయస్కాంత హెడ్ ఆ చుక్క దిశని మారుస్తుంది. చల్లారాక ఆ దిశ అలాగే ఉండిపోతుంది. అందుకే క్యాసెట్‌లా పక్కన అయస్కాంతం పెడితే చెరిగిపోదు.

డిస్కులు 60, 74, 80 నిమిషాల సైజుల్లో వచ్చాయి. అంత చిన్నదాంట్లో సీడీ అంత పాట ఎలా పట్టింది? కంప్రెషన్. సీడీలో సెకనుకి 1,411 కిలోబిట్ల డేటా ఉంటే, మినీడిస్క్ మామూలు మోడ్‌లో 292 కిలోబిట్లే. ఈ కంప్రెషన్ పేరు అట్రాక్. కాబట్టి ముందే ఫిక్స్ అయిపోండి: మామూలు మినీడిస్క్‌లో ఏ దారిలో ఎక్కించినా అది సీడీకి అచ్చు నకలు కాదు. వినడానికి బాగుండే కాపీ, అంతే. మీ సీడీని దాచుకోవడానికి మినీడిస్క్ మీద ఆధారపడొద్దు.

రికార్డ్ నొక్కేముందు డిస్క్ మొత్తం వినండి

మిగతా ఏ స్టెప్ మర్చిపోయినా పర్లేదు, దీన్ని మాత్రం వదలొద్దు.

మినీడిస్క్ రికార్డర్లలో చాలావాటికి మైక్ పెట్టుకునే సాకెట్ ఉంటుంది. గల్ఫ్‌లో ఉన్న మావయ్య అందులో ఏం రికార్డ్ చేసుకున్నాడో మీకు తెలియదు. సెలవుల్లో ఇంటికొచ్చినప్పుడు అమ్మమ్మ పాడిన మంగళహారతి కావచ్చు, ఊళ్లో శ్రీరామనవమి పందిట్లో హరికథ కావచ్చు. లేబుల్ మీద ఏమీ రాయలేదంటే డిస్క్ ఖాళీ అని అర్థం కాదు.

ముందు డిస్క్ అంచున ఉన్న చిన్న ట్యాబ్ జరిపి రంధ్రం తెరుచుకునేలా పెట్టండి. ఇక దాని మీద రికార్డ్ అవ్వదు. తర్వాత మొదటి ట్రాక్ నుంచి చివరిదాకా వినండి. ఇంట్లోవాళ్ల గొంతు దొరికితే ఆ డిస్క్ పక్కన పెట్టేయండి. దాన్ని కంప్యూటర్‌లోకి తీసుకోవడానికి తేలిక దారి, ప్లేయర్ హెడ్‌ఫోన్ సాకెట్ నుంచి కంప్యూటర్ లైన్-ఇన్‌కి కేబుల్ పెట్టి రికార్డ్ చేయడం. సోనీ 2006లో తెచ్చిన ఎంజెడ్-ఆర్‌హెచ్1 మోడల్ అయితే పాత డిస్కుల్లోని రికార్డింగుల్ని నేరుగా యూఎస్‌బీలో కంప్యూటర్‌కి ఇస్తుంది. కానీ అది దొరకడం కష్టం, దొరికినా ధర చుక్కల్లో ఉంటుంది.

మీ సీడీ నిజంగా ఆడియో సీడీయేనా?

మన దగ్గర ఫుట్‌పాత్ మీద, బస్టాండ్ షాపుల్లో అమ్మిన "వంద పాటల" డిస్కులు ఆడియో సీడీలు కావు, ఎంపీ3 సీడీలు. వాటిలో పాట ఒకసారి నలిగిపోయే ఉంది. దాన్ని అట్రాక్‌లోకి మారిస్తే రెండోసారి నలుగుతుంది. తాళాల చప్పుడు, "స", "ష" అక్షరాల దగ్గర ఆ తేడా ముందు తెలుస్తుంది.

చెక్ చేయడం తేలికే. కంప్యూటర్‌లో పెట్టి ఓపెన్ చేయండి. సీడీఏ అనే ఎక్స్‌టెన్షన్‌తో చిట్టి చిట్టి ఫైళ్లు కనిపిస్తే ఆడియో సీడీ. ఎంపీ3 ఫైళ్లు కనిపిస్తే కాదు. సమయం పెట్టి, పరిమితంగా ఉన్న డిస్కులు వాడి చేసే పని కాబట్టి కంపెనీ వేసిన అసలు సీడీలకే ఈ కష్టం పడండి.

దారి 1: మామూలు ఆడియో కేబుల్

సీడీ ప్లేయర్ లైన్-అవుట్ నుంచి ఎండీ రికార్డర్ లైన్-ఇన్‌కి ఒక కేబుల్. ఏ సీడీ ప్లేయర్ అయినా, లైన్-ఇన్ ఉన్న ఏ రికార్డర్ అయినా పనిచేస్తుంది. ఖర్చు దాదాపు లేనట్టే. 74 నిమిషాల సీడీకి 74 నిమిషాలూ పడుతుంది.

ఇబ్బందులు రెండు. ఒకటి, లెవెల్ మీరే సెట్ చేయాలి. ముందు సీడీలో బాగా గట్టిగా వినిపించే చోటు పెట్టి, మీటర్ పైకి తాకకుండా కొంచెం కిందే ఆగేలా చూసుకోండి. మీటర్ దాటితే క్యాసెట్‌లో కాస్త కరకరలాడి ఊరుకునేది, ఇక్కడ పాటే పగిలిపోతుంది. సీడీ ప్లేయర్‌కి హెడ్‌ఫోన్ సాకెట్ మాత్రమే ఉంటే బేస్ బూస్ట్ ఆపేసి, వాల్యూమ్ ముప్పావు దగ్గర పెట్టి మొదలుపెట్టండి.

రెండోది ట్రాక్ నంబర్లు. కేబుల్‌లో శబ్దం తప్ప ఇంకేమీ రాదు కాబట్టి, నిశ్శబ్దం కనిపించినప్పుడల్లా రికార్డర్ "కొత్త పాట మొదలైంది" అనుకుని ట్రాక్ మార్క్ వేస్తుంది. సినిమా పాటలకి ఇది బాగానే కుదురుతుంది. హరికథకి, పద్యనాటకానికి మాత్రం గందరగోళం. నటుడు రాగం తీసి ఊపిరి పీల్చుకునేలోపు ఒక ట్రాక్, వన్స్‌మోర్ ముందు ఇంకో ట్రాక్ పడిపోతాయి. ఒక్క పద్యం నాలుగు ముక్కలవుతుంది. అలాంటి సీడీలకి ఆటో ట్రాక్ మార్క్ ఆపేసి, కావాల్సిన చోట మీరే వేసుకోండి. తప్పుగా పడిన మార్కుల్ని తర్వాత ఎడిట్ మెనూలో కలిపేయొచ్చు కూడా.

దారి 2: ఆప్టికల్ కేబుల్

సీడీలోని అంకెలు కాంతి రూపంలో నేరుగా రికార్డర్‌కి చేరే పద్ధతి ఇది. మధ్యలో గరగరలు కలిసే అవకాశం లేదు, లెవెల్ సెట్ చేసే పని లేదు. చాలా సీడీ ప్లేయర్లతో ట్రాక్ నంబర్లు కూడా సీడీలో ఉన్నవి ఉన్నట్టే పడతాయి. పద్యం ముక్కలయ్యే బాధ పోతుంది. సమయం మాత్రం ఇక్కడా పాట ఎంతసేపో అంతసేపు.

చిక్కంతా కేబుల్ దగ్గరే. ఎండీ వాక్‌మన్లలో లైన్-ఇన్ సాకెట్టే ఆప్టికల్‌గా కూడా పనిచేస్తుంది, దానికి 3.5 మిల్లీమీటర్ల గుండ్రటి మొన కావాలి. ఇంట్లో ఉండే పెద్ద ప్లేయర్లకి చదరపు మొన. కాబట్టి ఒక చివర చదరం, ఇంకో చివర గుండ్రం ఉన్న కేబుల్ అడగండి. సాకెట్‌లో ఎర్రటి వెలుగు కనిపిస్తే ఆప్టికల్ ఉన్నట్టే.

విడిగా సీడీ ప్లేయర్ లేదా? మన ఇళ్లలో ఎక్కడో మూల పడున్న డీవీడీ ప్లేయర్ చూడండి. చాలావాటి వెనక డిజిటల్ అవుట్ ఉంటుంది. ఆప్టికల్ లేకపోయినా, నారింజ రంగు కోయాక్సియల్ సాకెట్ ఉంటే దాన్ని ఆప్టికల్‌గా మార్చే చిన్న డబ్బా ఆన్‌లైన్‌లో దొరుకుతుంది. చేత్తో పట్టుకునే సీడీ వాక్‌మన్ వాడుతుంటే యాంటీ-షాక్ ఆపేయండి, అది ఆన్‌లో ఉంటే కొన్ని మోడళ్లలో ఆప్టికల్ సిగ్నల్ రాదు.

ఇంకో రూల్ తెలుసుకోవాలి. డిజిటల్‌గా ఎక్కించిన మినీడిస్క్ నుంచి ఇంకో మినీడిస్క్‌కి మళ్లీ డిజిటల్‌గా కాపీ చేయనివ్వదు. ఒక తరం కాపీకే అనుమతి అనే లాక్ రికార్డర్‌లోనే ఉంటుంది. స్నేహితుడి డిస్క్ నుంచి కాపీ చేస్తుంటే మెషీన్ ఒప్పుకోలేదంటే అది పాడైపోలేదు, తన పని తను చేస్తోంది.

దారి 3: నెట్ఎండీ, అంటే యూఎస్‌బీ

2001 నుంచి వచ్చిన కొన్ని మోడళ్ల మీద "నెట్ఎండీ" అని గుర్తు ఉంటుంది. వాటికి యూఎస్‌బీ సాకెట్ ఉంటుంది. ఆ రోజుల్లో సోనిక్‌స్టేజ్ అనే సాఫ్ట్‌వేర్‌తో పాటలు ఎక్కించేవారు. కాపీకి లెక్కలు, లాకులు అంటూ అది జనాన్ని బాగానే విసిగించింది. ఇప్పుడు దాని జోలికి వెళ్లక్కర్లేదు.

అభిమానులు తయారుచేసిన వెబ్ మినీడిస్క్ ప్రో అనే ఉచిత టూల్ క్రోమ్ బ్రౌజర్‌లోనే నడుస్తుంది. ప్లేయర్‌ని యూఎస్‌బీకి తగిలించి, పేజీ ఓపెన్ చేసి, పాటల్ని లాగి వదిలితే చాలు. విండోస్‌లో మాత్రం ముందు జాడిగ్ అనే చిన్న ప్రోగ్రాంతో డ్రైవర్ మార్చుకోవాలి. మ్యాక్‌లో ఆ గొడవ లేదు.

ముందు సీడీని కంప్యూటర్‌లోకి తీసుకోవాలి. విండోస్‌లో ఎగ్జాక్ట్ ఆడియో కాపీ, మ్యాక్‌లో ఎక్స్ఎల్‌డీ వాడండి. రెండూ ఉచితమే. ఫ్లాక్ ఫార్మాట్ ఎంచుకోండి, ఎంపీ3 వద్దు. ఈ ప్రోగ్రాములు మీ కాపీని ప్రపంచంలో మిగతావాళ్ల కాపీలతో పోల్చి సరిగ్గా వచ్చిందో లేదో చెబుతాయి. మీ తెలుగు సీడీ ఆ జాబితాలో లేకపోతే కంగారు వద్దు. ఎగ్జాక్ట్ ఆడియో కాపీలో "టెస్ట్ అండ్ కాపీ" పెడితే ఒకే పాటని రెండుసార్లు చదివి, రెండూ ఒకటేనా అని తనే చూసుకుంటుంది.

ఈ దారిలో అసలు లాభం వేగం కాదు. ఇలా చేస్తే మీ సీడీ పూర్తిగా, ఒక్క బిట్ కూడా తగ్గకుండా కంప్యూటర్‌లో ఉండిపోతుంది. రేపు మినీడిస్క్ పోయినా, సీడీ గీతలు పడినా మీ పాట మీ దగ్గరే ఉంటుంది.

పాటల పేర్లు కూడా కీబోర్డ్ మీద టైప్ చేసుకోవచ్చు. ప్లేయర్ మీద ఒక్కో అక్షరం తిప్పి ఎంచుకునే తలనొప్పి తప్పుతుంది. తెలుగు అక్షరాలు మాత్రం మినీడిస్క్‌కి రావు, ఇంగ్లీష్ అక్షరాల్లోనే రాయాలి. వాట్సాప్‌లో రోజూ చేసే పనేగా.

హై-ఎండీ సంగతి?

2004లో వచ్చిన హై-ఎండీలో 1 జీబీ డిస్క్ వాడి, కంప్రెషన్ లేకుండా సీడీ క్వాలిటీలోనే సుమారు 94 నిమిషాలు పెట్టుకోవచ్చు. క్వాలిటీలో తిరుగులేదు. కానీ ఆ డిస్కులు అరుదు, పాత ఎండీ ప్లేయర్లలో అవి పాడవు. మీ దగ్గర ఆల్రెడీ ఉంటే హాయిగా వాడుకోండి, దీనికోసం కొత్తగా కొనడం మాత్రం వర్త్ కాదు.

ఏ మోడ్‌లో పెట్టాలి?

చాలామంది ఇక్కడే ఆగిపోతారు. 80 నిమిషాల డిస్క్ మీద లెక్క ఇలా:

• ఎస్‌పీ: 80 నిమిషాలు, 292 కిలోబిట్లు. అన్ని ఎండీ ప్లేయర్లలో పాడుతుంది.
• మోనో: 160 నిమిషాలు. అన్ని ఎండీ ప్లేయర్లలో పాడుతుంది.
• ఎల్‌పీ2: 160 నిమిషాలు, 132 కిలోబిట్లు. 2000 తర్వాత వచ్చిన ఎండీఎల్‌పీ ప్లేయర్లలోనే పాడుతుంది.
• ఎల్‌పీ4: 320 నిమిషాలు, 66 కిలోబిట్లు. మాటలకి ఓకే, సంగీతానికి వద్దు.

విదేశీ గైడ్లు ఎక్కువసేపు కావాలంటే ఎల్‌పీ2 అంటాయి. మన సీడీల విషయంలో మోనో మోడ్‌ని మర్చిపోవద్దు. పాత బ్లాక్ అండ్ వైట్ సినిమా పాటలు, పాత నాటకం పద్యాలు, పాత హరికథల్లో చాలావరకు అసలు రికార్డింగే మోనో. సీడీలో రెండు చానళ్లలోనూ ఒకటే శబ్దం ఉంటుంది. దాన్ని స్టీరియోలో పెడితే ఒకే గొంతుకి రెండు కుర్చీలు వేసినట్టు. మోనో మోడ్‌లో పెడితే పెద్దగా పోయేదేమీ లేకుండా టైమ్ డబుల్ అవుతుంది. రెండు సీడీల హరికథ ఒకే డిస్కులో పడుతుంది, ఎంత పాత ప్లేయర్‌లో అయినా పాడుతుంది. మీ సీడీ మోనోనా కాదా తెలియాలంటే ఒక చెవి ఇయర్‌ఫోన్ తీసి, మార్చి మార్చి వినండి. రెండు వైపులా తేడా లేకపోతే మోనోయే.

నెట్ఎండీ దారిలో ఎల్‌పీ2 వాడేముందు కూడా ఒక మాట. ఎస్‌పీ పంపినప్పుడు అట్రాక్‌గా మార్చే పని ప్లేయర్ చేస్తుంది. ఎల్‌పీ మోడ్లలో ఆ పని కంప్యూటర్‌లోనే జరుగుతుంది, దానికి వాడే ఉచిత ఎన్‌కోడర్ సోనీదంత బాగుండదు. సంగీతానికి ఎస్‌పీలోనే ఉండండి.

చెవికి పరీక్ష: మన ఊరి సంగీతమే చాలు

రికార్డర్ ఎలా పనిచేస్తోందో తెలుసుకోవడానికి డిస్క్ అంతా నింపక్కర్లేదు, రెండు పాటలు చాలు. అవి కూడా గోదావరి జిల్లాల నుంచే.

ఒకటి మాండలిన్ శ్రీనివాస్. 1969లో పాలకొల్లులో పుట్టాడు. మాండలిన్ మీద ఆయన వేగంగా మీటే చోట ఒక్కో మీటూ సూదిలా గుచ్చినట్టు ఉండాలి. అట్రాక్ లాంటి కంప్రెషన్‌కి ఇదే కష్టమైన పరీక్ష. మీటు మొదలవకముందే చిన్న బుసలాంటి నీడ వినిపించినా, అంచు మొద్దుబారినా తేడా అక్కడే దొరికిపోతుంది.

రెండోది బాలమురళీకృష్ణ. 1930లో రాజోలు దగ్గరి శంకరగుప్తంలో పుట్టిన గొంతు. ఆయన పాడుతుండగా వెనక తంబూరా వినండి. ఆ శ్రుతి ఎక్కడా వణక్కుండా, మధ్యమధ్యలో మాయమవకుండా సాగితే మీ కాపీ బాగున్నట్టే. పల్లవి దగ్గర సన్నగా తగ్గిన గొంతు వెనక గరగర వినిపిస్తే అది కేబుల్ దారి లోపం, లెవెల్ బాగా తక్కువ పెట్టారన్నమాట.

ఒకే పాటని మీకు కుదిరిన రెండు దారుల్లో ఎక్కించి, ఎవరైనా ఫ్రెండ్‌ని మీకు చెప్పకుండా ప్లే చేయమనండి. పేపర్ మీద స్పెసిఫికేషన్ల కంటే ఆ ఐదు నిమిషాలు ఎక్కువ చెబుతాయి.

కరెంటు, ఓల్టేజీ, ఉక్కపోత

మినీడిస్క్‌లో పాట రికార్డ్ అవుతున్నంతసేపూ, ఏ పాట ఎక్కడుందనే విషయసూచిక మాత్రం డిస్క్ మీద రాయదు. స్టాప్ నొక్కాకే రాస్తుంది. ఈలోపు కరెంటు పోతే గంటసేపు ఎక్కించినదంతా గాల్లో కలిసిపోతుంది. పాట డిస్క్ మీద ఉన్నా, అక్కడుందని ప్లేయర్‌కి తెలియదు. తుఫాను రోజుల్లో, ఎండాకాలం కోతల్లో ఇది మనకి చిన్న విషయం కాదు.

కాబట్టి వాక్‌మన్ రికార్డర్ అయితే అడాప్టర్‌తో పాటు నిండు బ్యాటరీ కూడా పెట్టండి. డెక్ అయితే ఇన్వర్టర్ లైన్ మీద పెట్టండి. స్టాప్ నొక్కాక స్క్రీన్ మీద "టీఓసీ" అని వెలుగుతున్నంతసేపు ప్లేయర్‌ని కదపొద్దు, ప్లగ్ పీకొద్దు.

ఓల్టేజీ కూడా చూసుకోండి. ఆన్‌లైన్‌లో చవగ్గా కనిపించే జపాన్ డెక్‌లు 100 వోల్టులవి. మన 230 వోల్టుల ప్లగ్‌లో నేరుగా పెడితే ఒక్క క్షణంలో పొగ. స్టెప్-డౌన్ ట్రాన్స్‌ఫార్మర్ తప్పనిసరి. గల్ఫ్‌లో కొన్నది అయినా వెనక లేబుల్ చదివాకే ప్లగ్ పెట్టండి.

ఇక తేమ. ఏసీ గదిలోంచి తీసిన ప్లేయర్‌ని వెంటనే ఉక్కపోత హాల్లోకి తెస్తే లేజర్ అద్దం మీద ఆవిరి పడుతుంది, డిస్క్ చదవదు. ఓ గంట ఆగండి. ఏళ్ల తరబడి అటక మీదున్న ప్లేయర్‌లో పాత బ్యాటరీ కారిందేమో కూడా చూడండి. ఇంకోటి, పాడటం, రికార్డ్ చేయడం రెండు వేర్వేరు పనులు. ప్లేయర్ బాగా పాడుతోందంటే రికార్డ్ హెడ్ కూడా బాగుందని కాదు. అవసరం లేని డిస్క్ మీద ఒక్క నిమిషం ట్రయల్ చేయండి.

ఫైనల్‌గా మా మాట

• మీ ప్లేయర్‌కి నెట్ఎండీ ఉంటే: సీడీని ఫ్లాక్‌లోకి తీసి, వెబ్ మినీడిస్క్ ప్రోతో ఎస్‌పీ మోడ్‌లో పంపండి. ఎక్కువమందికి ఇదే బెస్ట్, ఎందుకంటే సీడీ కూడా భద్రమవుతుంది.
• నెట్ఎండీ లేదు, డిజిటల్ అవుట్ ఉన్న సీడీ లేదా డీవీడీ ప్లేయర్ ఉంది: ఆప్టికల్. ట్రాక్ నంబర్లు సరిగ్గా పడే అవకాశం ఎక్కువ. పద్యనాటకాలకి, కచేరీలకి ఇదే మంచిది.
• రెండూ లేవు: మామూలు కేబుల్. లెవెల్ జాగ్రత్తగా పెడితే సినిమా పాటలకి తిట్టుకునేంత తేడా ఉండదు.
• పాత మోనో రికార్డింగులు: రికార్డర్‌లో మోనో మోడ్ పెట్టి, ఆప్టికల్ లేదా కేబుల్.

ఏ దారి అయినా, మీరు డబ్బిచ్చి కొన్న సీడీని మీ సొంత వినికిడికి కాపీ చేసుకోవడం వరకే. కాపీలు తీసి అమ్మే పనులు వద్దు.

ఈ వీకెండ్ మొదలుపెట్టాలనుకుంటే వరస ఇది: ముందు ట్యాబ్ జరపండి, డిస్క్ వినండి, బ్యాటరీ చూడండి, ఒక నిమిషం ట్రయల్ వేయండి. సీడీ తీయడం ఆ తర్వాతే. మీ దగ్గరున్న మోడల్ ఏదో, మీ సీడీలు ఏ రకమో కామెంట్లలో రాయండి, ఏ దారి సరిపోతుందో అక్కడే మాట్లాడుకుందాం.